రెండంగుళాల వివాదం: లిఫ్టు, పెద్ద టైర్ల వాదంలో తేలినవి, తేలనివి

తిరుపతి, చిత్తూరు వైపు ఫోర్ బై ఫోర్ బండి కొన్నవాళ్లకు కొద్ది నెలల్లోనే రెండు సలహాలు అందుతాయి: రెండంగుళాలు లేపించు, టైర్లు పెద్దవి వెయ్యి. చెప్పేవాళ్లలో మెకానిక్కులుంటారు, టైరు షాపువాళ్లుంటారు, మామిడితోట దారిలో బండి దిగబడి ట్రాక్టరుతో లాగించుకున్న రైతులూ ఉంటారు. వద్దనేవాళ్లకూ కొదవ లేదు. వారంటీ పోతుందని షోరూమువాళ్లు, జరిమానా పడుతుందని ఆర్టీఓ ఆఫీసు దగ్గరి ఏజెంట్లు, ఘాటులో పల్టీ కొడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అందరూ ఒకే సంగతి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. విడదీసి చూస్తే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబిస్తున్నారు. బండి కడుపుకు రాయి తగలకూడదన్నది ఒక ప్రశ్న, బరువేసినా కుంగకూడదన్నది ఇంకొకటి, చూడ్డానికి దర్జాగా ఉండాలన్నది మూడోది, చట్టం ఒప్పుతుందా అన్నది నాలుగోది. ఈ నాలుగింటినీ కలిపేసి అవునా కాదా అని అడగడం వల్లే వాదం ఇన్నాళ్లుగా తెగడం లేదు.

కమాన్ కట్టల నుంచి కాయిల్ స్ప్రింగుల దాకా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఎంఎం 540, ఎంఎం 550, కమాండర్, మేజర్ అన్నీ ఆ వంశంలోవే. బస్సు పోని రాయలసీమ ఊళ్లకు మనుషుల్నీ మూటల్నీ దశాబ్దాలపాటు చేరవేసినవి ఈ జీపులే. ముందూ వెనకా గట్టి ఆక్సిల్, కమాన్ కట్టలు, చాసీ మీద కూర్చోబెట్టిన బాడీ. ఇలాంటి బండి ఎత్తు పెంచడం వెల్డింగు షాపు పని. కట్టలో ఇంకో పట్టీ చేర్చేవాళ్లు, లేదా షాకిల్ పొడుగు పెంచేవాళ్లు. ధైర్యం చేసినవాళ్లు ఆక్సిల్ కిందున్న కమాన్లను ఆక్సిల్ పైకి మార్చేవాళ్లు. దాంతో ఒక్క దెబ్బకు నాలుగైదు అంగుళాలు కలిసొచ్చేది. వెంట ఒక జబ్బూ వచ్చేది: బ్రేకు గట్టిగా తొక్కినా, మొదటి గేరులో దమ్ముగా లాగినా కమాన్లు మెలితిరిగేవి, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింట్లు అరిగిపోయేవి. టైరు సంగతి ఇంకా సులువు. జీపుకు వేసే 6.00-16 సైజు ట్రాక్టరు ముందు చక్రాలకూ ఉండేది కాబట్టి చిన్న ఊళ్లలోనూ దొరికేది.

1985లో వచ్చిన మారుతి జిప్సీలోనూ కమాన్లే, గట్టి ఆక్సిళ్లే. మలుపు 2010లో వచ్చిన థార్‌తో మొదలైంది. దాని సీఆర్‌డీఈ రకానికి వెనక కమాన్లు ఉన్నా ముందు చక్రాలు విడివిడిగా కదిలేవి, స్ప్రింగు పని టార్షన్ బార్ చేసేది. బార్ బోల్టు బిగిస్తే చాలు, అరగంటలో ముందుభాగం లేచేది. ఇంత సులువుగా అయ్యే పని ఇంత తప్పుగా జరిగిన సందర్భాలు ఇంకెక్కడా ఉండవేమో. బోల్టు బిగించినంతమాత్రాన సస్పెన్షన్ ప్రయాణం పెరగదు. కిందికి వేలాడే ప్రయాణాన్ని కోసి పైకి పేర్చడమే జరుగుతుంది. బండి ఎత్తుగా కనబడుతుంది, గుంతలో దిగితే మాత్రం చక్రం గాల్లో తేలుతుంది.

2020 అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్‌లో నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు. వెనక ఆక్సిల్ గట్టిదే, ముందు చక్రాలు విడివి. 2021 ఫోర్స్ గూర్ఖాలోనూ కాయిల్సే. 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి రెండువైపులా గట్టి ఆక్సిల్, కాయిల్ స్ప్రింగులు. 2024 ఆగస్టు 15న థార్ రాక్స్ వచ్చింది. కమాన్ పట్టీ చేర్చినట్టు కాయిల్ స్ప్రింగుకు ఇంకో చుట్టు చేర్చడం కుదరదు. ఆ ఖాళీలోకి డబ్బాల్లో సర్దిన కిట్లు వచ్చాయి, వాటిలో పేరున్నవి చాలామటుకు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి. వెల్డింగు షాపు చేతిలో ఉన్న నిర్ణయం కిట్టు అమ్మేవాడి చేతిలోకి పోయింది.

ఈ కథలో మన ప్రాంతానికి సొంత భాగం ఉంది. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది. ఇవాళ దేశమంతటా లిఫ్టు చేయించుకుంటున్న డీ-మాక్స్ వీ-క్రాస్ పికప్ అక్కడ తయారయ్యేదే. దానికి దగ్గర్లోనే వరదయ్యపాళెం మండలం చినపాండూరులో 2020లో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పట్లో రెండూ చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. బండీ టైరూ ఇంత దగ్గర్లో పుడుతున్నా, ఆ రెంటినీ కలిపి ఎంతవరకు మార్చుకోవచ్చో చెప్పే నియమం మాత్రం రాలేదు.

లిఫ్టు ఇచ్చేది వేరు, టైరు ఇచ్చేది వేరు

వాదంలో సగం గందరగోళం ఇక్కడిదే. గట్టి ఆక్సిల్ ఉన్నచోట నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది డిఫరెన్షియల్ హౌసింగ్. స్ప్రింగు ఎంత పొడుగుదైనా ఆక్సిల్ పైనున్న బండినే లేపుతుంది. హౌసింగ్ కింద ఖాళీ వీసమెత్తు పెరగదు. దాన్ని పెంచేది టైరొక్కటే, అదీ వ్యాసంలో పెరిగినదాంట్లో సగమే.

లెక్క వేసి చూద్దాం. థార్ కింది రకాలకు వచ్చిన 245/75 ఆర్ 16 టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. 265/75 ఆర్ 16 వేస్తే 804, అంటే హౌసింగ్ కింద పెరిగేది 15 మిల్లీమీటర్లు. 285/75 ఆర్ 16 వేస్తే 834, పెరిగేది 30. జిమ్నీ 195/80 ఆర్ 15 వ్యాసం 693. చాలామంది మొదటి అడుగుగా వేసే 215/75 ఆర్ 15 వ్యాసం 703 చిల్లర. నాలుగు కొత్త టైర్ల ఖర్చుకు కలిసొచ్చిన ఎత్తు ఐదు మిల్లీమీటర్లు. అదే 235/75 ఆర్ 15కు పోతే 20 వస్తుంది. టైరు వెడల్పుకూ ఎత్తుకూ తేడా తెలియకుండా నంబరు పెద్దదని కొనేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

మరి లిఫ్టు ఎందుకు? బంపరు మూతి గట్టుకు తగలకుండా ఎక్కే కోణం, గట్టు మీద నడుం ఆనకుండా దాటే కోణం, తోక తగలకుండా దిగే కోణం, ఈ మూడూ పెరుగుతాయి. పెద్ద టైరు స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడూ, గుంతలో స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడూ మడ్‌గార్డుకు రాసుకోకుండా చోటు దొరుకుతుంది. షాకప్‌లు కూడా పొడుగువి వేస్తే చక్రం ఇంకా కిందికి దిగగలుగుతుంది కాబట్టి నేలను వదలదు. నిజమైన ఆఫ్‌రోడ్ లాభం ఈ చివరిదే. స్ప్రింగు కింద నైలాన్ ముక్క పెట్టి లేపితే మొదటి రెండూ వస్తాయి గానీ ఇది రాదు. బాడీకీ చాసీకీ మధ్య దిమ్మెలు పెట్టే బాడీ లిఫ్టుతో టైరుకు చోటు మాత్రమే వస్తుంది, చాసీ ఉన్నచోటే ఉంటుంది.

విడిగా కదిలే ముందు చక్రాలున్న థార్‌లోనూ వీ-క్రాస్‌లోనూ సంగతి కాస్త వేరు. ముందు డిఫరెన్షియల్ చాసీకే బిగించి ఉంటుంది కనక లిఫ్టుతో అదీ లేస్తుంది. అయితే దాన్నుంచి చక్రాలకు పోయే షాఫ్టులు వాలుగా మారి, వాటి జాయింట్ల మీది రబ్బరు తొడుగులు ముందుగా చిరుగుతాయి. రెండంగుళాలు దాటితే డిఫరెన్షియల్‌నే కాస్త కిందికి దించే బ్రాకెట్లు అమ్ముతారు. లేపినదాన్ని మళ్లీ దించడానికి ఇంకో ఖర్చన్నమాట.

జిమ్నీలాంటి గట్టి ఆక్సిల్ బండిలో ఇంకో చిక్కు. ఆక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ పొడుగు మారదు. బండి లేస్తే ఆక్సిల్ ఒకవైపుకు జరుగుతుంది. ముందు చక్రాల కాస్టర్ కోణం తగ్గి స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం మానేస్తుంది, వేగంలో వణుకు మొదలవుతుంది. అందుకే సరైన కిట్టులో స్ప్రింగులూ షాకప్‌లతో పాటు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్, కాస్టర్ సరిచేసే బుష్‌లు, పొడుగు బ్రేకు పైపులు, పొడుగు బంప్ స్టాపులు ఉంటాయి. ధర తక్కువ అని చెప్పే కిట్టులో ఏవి లేవో చూడటం ధర చూడటం కంటే ముందు జరగాలి. పని ముగిశాక అలైన్‌మెంట్‌తో పాటు హెడ్‌లైట్ల వాలు కూడా సరిచేయాలి. చాలామంది వదిలేసే పని ఇది. ఫలితం రాత్రిపూట పూతలపట్టు రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది.

ఎవరి వాదం ఏమిటి

కంపెనీ ఇచ్చినట్టే ఉంచాలనేవాళ్లు మొదటి పక్షం. కొత్త థార్‌కు 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల నీటిలోతు దాటే సత్తా కంపెనీయే ఇచ్చింది. గూర్ఖాకు రెండు ఆక్సిళ్లకూ డిఫరెన్షియల్ లాకులున్నాయి, స్నార్కెల్ ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది. ఇవన్నీ ఉన్న బండి ఇరుక్కుంటే తప్పు బండిది కాదు, నడిపేవాడిదన్నది వీళ్ల మాట. ఇసుకలో టైరు గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే, నేలకు ఆనే భాగం పొడుగై బండి తేలిపోతుంది. దానికి కావలసింది గాలి కొలిచే మీటరు, మళ్లీ గాలి నింపుకునే చిన్న కంప్రెసరు. ఈ వాదానికి సాంకేతికంగా జవాబు చెప్పడం కష్టం. దాని బలహీనత వేరేచోట ఉంది. కంపెనీ బండిని ఊరికే వదలదు: ఫుట్‌బోర్డులు, ప్లాస్టిక్ బంపర్లు, నున్నటి రోడ్డుకు తగిన టైర్లు తగిలిస్తుంది. రాళ్లలోకి పోయే బండికి ముందు దెబ్బతినేవి అవే.

ముందు టైరు అనేవాళ్లు రెండో పక్షం. సైజు పెంచకపోయినా సరే, హెచ్‌టీ అంటే హైవే టెర్రెయిన్ టైర్లు తీసి, ఏటీ అంటే ఆల్ టెర్రెయిన్ వేస్తే ముప్పావు పని అయిపోతుందంటారు. ఎంటీ అంటే మడ్ టెర్రెయిన్ టైర్ల దగ్గర వీళ్లలోనే చీలిక ఉంది. ఎంటీ బురదను విసిరేస్తుంది, పక్కగోడ మందంగా ఉంటుంది. తారు మీద హోరెత్తుతుంది, తడిరోడ్డు మీద పట్టు తగ్గుతుంది, త్వరగా అరుగుతుంది, బరువెక్కువ.

మూడో పక్షం సస్పెన్షన్ ముందు అంటుంది. వీళ్లను లిఫ్టు వాదులని పిలవడం అన్యాయం. పికప్ వెనక టెంటు, నీళ్ల డ్రమ్ము, పనిముట్ల పెట్టె, ముందు విన్చీ చేరాక బండి కుంగుతుంది. ఆ బరువుకు తగిన స్ప్రింగులు వేసి మళ్లీ నిలబెట్టడమే తాము చేసేది, ఎత్తు దాని వెంట వస్తుందంటారు. ఇది బాధ్యత గల వాదం, నిలబడే వాదం కూడా. ఖాళీ బండికి ఆ బరువు స్ప్రింగులు వేస్తేనే చిక్కు: బండి గట్టిబడి, గుంతల రోడ్డు మీద చక్రాలు ఎగురుతాయి. శని, ఆదివారాల్లో మాత్రమే బరువేసేవాళ్లు మిగిలిన ఐదు రోజులూ ఆ దెబ్బలు తినాలి.

నాలుగో పక్షం అందం కోసం. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం అలవాటైపోయింది గానీ, బజారులో అమ్ముడుపోయే కిట్లను నిలబెట్టేది ఈ పక్షమే. వాళ్లు తమ కారణాన్ని తామే ఒప్పుకుంటే వాదం చాలా తేలికవుతుంది. తలకోన పేరు చెప్పి తిరుచానూరు రోడ్డు మీద తిరగడానికి లేపించుకున్న బండికి అంగుళం బాడీ లిఫ్టు, ఫ్యాక్టరీ సైజు ఏటీ టైర్లు సరిపోతాయి. మూడంగుళాల కిట్టు తెచ్చే తలనొప్పులు అక్కర్లేదు.

క్లుప్తంగా పోల్చాలంటే, మొదటి పక్షానికి ఖర్చు తక్కువ, చట్టపరమైన చిక్కు లేదు, రాళ్లలో హద్దు త్వరగా వస్తుంది. రెండోదానికి రూపాయికి దొరికే లాభం అందరికంటే ఎక్కువ, సైజు మారనంతవరకు. మూడోదానికి ఖర్చు ఎక్కువ, లాభం బరువు మోసేవాళ్లకే పూర్తిగా దక్కుతుంది. నాలుగోదాన్ని లాభనష్టాలతో కొలవలేం.

ఇక్కడి నేల, ఇక్కడి దారులు

వేరే రాష్ట్రాల సలహాలు ఇక్కడ ఎంతవరకు పనికొస్తాయన్నది ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న. గోవాలో 2014 నుంచి జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ బండ్లను చూసి టైర్లు ఎంచుకోవడం ఒక ఉదాహరణ. అక్కడ వానాకాలపు బురద. చిత్తూరు వైపు నేలలో ఎక్కువభాగం ఎర్రనేల, గరుకు ఇసుక కలిసినది. వాన వెలిసిన కొద్ది గంటలకే ఆరుతుంది. బండి చక్రాన్ని బంకలా పట్టేసే నల్లరేగడి కర్నూలు, నంద్యాల వైపు సమస్య. కాబట్టి ఎంటీ టైరుకు బురద పేరుతో చెప్పే సమర్థన ఇక్కడ బలహీనం. చెరువు గర్భంలోకో, నవంబరు తుఫాను వానల్లో వరి మడి గట్ల మీదికో పోయేవాళ్లకే అది వర్తిస్తుంది.

ఎంటీని సమర్థించే అసలు కారణం బురద కాదు, రాయి. శేషాచలం, నగరి కొండలది క్వార్ట్‌జైట్. పగిలితే అంచు కత్తిలా ఉంటుంది, టైరు పక్కగోడను చీలుస్తుంది. పక్కగోడ చీలితే పంచరు వెయ్యడానికి ఉండదు. పలమనేరు, కుప్పం వైపు గ్రానైటు. అక్కడ గుండ్రాళ్లు ఎక్కువ, క్వారీ దారుల్లో మాత్రం పగిలిన ముక్కలుంటాయి. ఈ రెండుచోట్లా కావలసింది గట్టి పక్కగోడ. మంచి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం ఏటీ టైరులోనూ అది దొరుకుతుంది. స్వర్ణముఖి నది ఇసుకలోనైతే గాలి తగ్గించడం ముందు, టైరు రకం తర్వాత. ఎంటీ టైరు పళ్లు ఇసుకను తవ్వి బండిని దించేస్తాయి కూడా.

ఇంకో సంగతి లిఫ్టు అమ్మేవాళ్ల నోట వినబడదు. ఈ ప్రాంతంలో ఆఫ్‌రోడ్ అని ఆశపడే చోట్లలో చాలావాటికి బండి తోలుకుపోవడానికి హక్కే లేదు. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కును 1989లో ప్రకటించారు, తలకోన దాని పరిధిలోదే. పలమనేరు, కుప్పం అడవుల్లో ఏనుగుల కోసం కౌండిన్య అభయారణ్యం ఉంది. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేషనల్ పార్కులోకి, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడమే నేరం. పైగా ఎర్రచందనం దొంగరవాణా వల్ల కొండల చుట్టూ నిఘా ఉంటుంది. ఇవి తీసేస్తే మిగిలేది సొంత తోట, తెలిసినవాళ్ల పొలం, వాగు దారి, ఊరి బయట గుట్ట, క్వారీ దారి. ఈ జాబితాలో మూడంగుళాల లిఫ్టు కోరే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నీటి సంగతి విడిగా చెప్పాలి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధుల్లో నీళ్లు పారాక, లేపిన బండి ఉంటే వాగు దాటొచ్చన్న ధీమా పెరిగింది. నీటిలోతు హద్దు ఇంజను గాలి పీల్చే చోటుతో, కరెంటు పరికరాల ఎత్తుతో ముడిపడింది. లిఫ్టుతో అది కాస్త పెరిగే మాట నిజమే. పారే నీటిలో బండిని తోసేసేది లోతుతో పాటు వేగం. ఆ లెక్కలో రెండంగుళాలు దేనికీ చాలవు.

ఘాటు దిగేటప్పుడు

భద్రత గురించిన వాదం ఇక్కడ ఘాట్ల పేరుతోనే మొదలవుతుంది, అది సహజం. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాటు, చంద్రగిరి దాటాక భాకరాపేట ఘాటు, పలమనేరు దారిలో మొగిలి ఘాటు ఈ ప్రాంతపు నిత్య ప్రయాణంలో భాగం. 2022 మార్చిలో భాకరాపేట దగ్గర, 2024 సెప్టెంబరులో మొగిలి దగ్గర జరిగిన బస్సు ప్రమాదాలు ఎవరూ మరిచిపోలేదు. అవి లిఫ్టు బండ్ల ప్రమాదాలు కావు. వాటిని చూపించి లిఫ్టు ప్రమాదకరమని తేల్చడం సరికాదు. ఆ దారుల్లో బ్రేకు మీదా మలుపు మీదా ఎంత భారం పడుతుందో మాత్రం అవి గుర్తుచేస్తాయి.

బోల్తా పడే స్వభావాన్ని కొలవడానికి అమెరికా రహదారి భద్రతా సంస్థ వాడే లెక్క చాలా సరళం: ఎడమ కుడి చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. చక్రాల దూరం 1,500 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం 700 ఎత్తులో ఉందనుకుందాం. జవాబు 1.07. 50 మిల్లీమీటర్ల సస్పెన్షన్ లిఫ్టు, టైరుతో ఇంకో 30 కలిస్తే గురుత్వ కేంద్రం దాదాపు 780కి పోతుంది. జవాబు 0.96. పదోవంతు స్థిరత్వం పోయిందన్నమాట. బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేసి చక్రాల దూరం పెంచితే కొంత తిరిగొస్తుంది. దాని ధర చక్రాల బేరింగులు చెల్లిస్తాయి. రిమ్ముకూ హబ్బుకూ మధ్య పెట్టే నాసిరకం స్పేసర్లతో అదే పని చేయబోతే నట్లు సడలే భయం అదనం.

దీనికంటే తక్కువగా చర్చకు వచ్చేది బ్రేకు, గేరు సంగతి. ఘాటు దిగేవాళ్లకు అదే ముఖ్యం. 774 నుంచి 834కు పోయిన టైరు ఏడున్నర శాతానికి పైగా పెద్దది. బ్రేకు డిస్కు మాత్రం పాతదే. అదే బ్రేకు ఒత్తిడికి నేల దగ్గర దొరికే ఆపే బలం దాదాపు ఏడు శాతం తగ్గుతుంది, పైగా తిరిగే టైరే బరువెక్కింది. రెండో గేరులో పెట్టి ఇంజనుతో బండిని పట్టుకుంటూ దిగుతాం కదా, ఆ పట్టూ అంతే తగ్గుతుంది. ఎక్కేటప్పుడు గేరు బరువనిపించి మెకానిక్కు దగ్గరికి పోతారు. దిగేటప్పుడు తగ్గిన పట్టును బ్రేకు పెడల్‌తో సర్దుకుంటూ పోతారు కాబట్టి అది తెలియదు, బ్రేకులు వేడెక్కిన వాసన వచ్చేదాకా. ముందు స్పీడుమీటరు 80 చూపితే బండి 86లో పోతుంటుంది. కంపెనీ మీటర్లు సాధారణంగా కాస్త ఎక్కువే చూపుతాయి కాబట్టి తేడాలో కొంత అక్కడ సర్దుకుంటుంది, పూర్తిగా కాదు.

పెద్ద టైరు వేసినవాళ్లు డిఫరెన్షియల్‌లో క్రౌన్, పినియన్ నిష్పత్తి కూడా మార్చుకోవాలన్నది విదేశీ ఆఫ్‌రోడ్ వర్గాల్లో పాత సూత్రం. ఇక్కడ అది ఖర్చుతో, విడిభాగాల కొరతతో ఆగిపోతోంది. అందుకే ఇక్కడి హద్దు అక్కడి హద్దు కంటే తక్కువగా ఉండాలి. 30 మిల్లీమీటర్ల వ్యాసం పెంపుదాకా గేరు, బ్రేకు తేడా నాలుగు శాతం దగ్గరే. అది దాటితే బ్రేకు ప్యాడ్లు, గేరు నిష్పత్తి రెండూ లెక్కలోకి రావాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

క్రాష్ పరీక్షల రేటింగు గురించి ఒక్క మాట. థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చిన నాలుగు నక్షత్రాలైనా, రాక్స్‌కు 2024లో భారత్ ఎన్‌క్యాప్ ఇచ్చిన ఐదైనా ఫ్యాక్టరీ ఎత్తులో, ఫ్యాక్టరీ టైర్లతో ఉన్న బండివి. లేపిన బండికి ఆ నక్షత్రాలు చెల్లవు, తగ్గాయనీ చెప్పలేం. అలాంటి బండిని ఎవరూ గోడకు కొట్టి చూడలేదు.

చట్టం ఎంతవరకు స్పష్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2000లో సవరించాక, ఒకటే చెబుతుంది: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ హైకోర్టు దీన్ని ఉదారంగా చదివింది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కె.జయచంద్ర కేసులో ఆ తీర్పును కొట్టేసి, తయారీదారు నిర్దేశాలే హద్దని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182ఏ సెక్షన్ చేర్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. ముందు తగిలించే ఇనుప క్రాష్ గార్డుల మీద కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది.

ఇంత స్పష్టంగా ఉంటే వాదం దేనికి? మూడు సందుల వల్ల. సాధారణ కారు ఆర్సీ కార్డు మీద టైరు సైజు, బండి ఎత్తు కనబడవు. వివరాలంటే కార్డు మీద అచ్చయినవేనా, తయారీదారు ఆమోదం పొందిన వివరాలన్నీనా అన్నది ఒక సందు. సుప్రీంకోర్టు మాటల ధోరణి రెండోవైపే మొగ్గుతుంది. రెండోది, ఒకే మోడల్‌కు కంపెనీయే రెండు సైజుల టైర్లు ఆమోదం చేయించడం. థార్‌కు 245/75 ఆర్ 16 ఉంది, 255/65 ఆర్ 18 ఉంది. కింది రకం కొన్నవాళ్లు పై రకం టైరు, రిమ్ము వేసుకుంటే తయారీదారు హద్దులోనే ఉన్నట్టన్న వాదన బలమైనదే. వ్యాసం పెరిగేది 15 మిల్లీమీటర్లే కాబట్టి సాంకేతికంగానూ ఇబ్బంది లేదు. మూడోది 2019 సవరణలోనే ఉంది. మార్పులకు ప్రమాణాలు, అనుమతి షరతులు కేంద్రం నిర్దేశించవచ్చనీ, అలా అనుమతించిన మార్పుకు వారంటీ రద్దు కాదనీ అది చెబుతుంది. సీఎన్‌జీ కిట్లకు అలాంటి దారి ఉంది. లిఫ్టుకు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆస్ట్రేలియా పద్ధతి ఇక్కడ తరచూ ఉదాహరణకు వస్తుంది. అక్కడి జాతీయ నియమావళి వీఎస్‌బీ 14 ప్రకారం ఆఫ్‌రోడ్ బండ్లకు తయారీదారు చెప్పిన పెద్ద టైరు మీద 50 మిల్లీమీటర్ల వ్యాసం వరకు పెంచుకోవచ్చు. మొత్తం ఎత్తులో 50 మిల్లీమీటర్ల వరకు ఇంజినీరు సర్టిఫికెట్ అక్కర్లేదు. వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. హద్దు దాటితే ఇంజినీరు పరీక్షించి సంతకం చేయాలి. ఇక్కడ అమ్ముతున్న కిట్లలో చాలావాటి రెండంగుళాలు ఆ 50 మిల్లీమీటర్లే. ఆ దేశపు నియమానికి సరిపోయేలా తయారైన వస్తువును మనం కొంటున్నాం, దాని వెనకున్న నియమం మాత్రం రాలేదు. ఆస్ట్రేలియాలో చెల్లుతుందన్న మాట ఇక్కడి తనిఖీలో ఎందుకూ పనికిరాదు.

బీమా విషయంలో చర్చ కంటే చీకటే ఎక్కువ. మార్పును బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పాలన్నదాంట్లో భేదాభిప్రాయం లేదు. చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర అది ఆయుధమవుతుంది. చట్టం ఒప్పని మార్పును చెప్పినా బీమా కంపెనీ కవరేజీలో కలపడానికి జంకుతుంది. చెప్పినా చిక్కే, చెప్పకున్నా చిక్కే.

ఇంకా తేలనివి

సాంకేతిక వాదంలో చాలాభాగం తేలిపోయింది. ఫ్యాక్టరీ సైజులోనో, కంపెనీ ఆమోదించిన ఇంకో సైజులోనో ఏటీ టైర్లు, బరువుకు తగిన స్ప్రింగులు, వాటికి జతపడే షాకప్‌లు, గాలి తగ్గించి నింపుకునే సరంజామా, ఇక్కడి దారుల్లో నూటికి తొంభై సందర్భాలకు ఇది చాలునన్నదాని మీద నాలుగు పక్షాల్లో మూడు దాదాపు ఏకీభవిస్తాయి. ప్లాను వేసే క్రమం మీద కూడా అంతే: ఎక్కడికి పోతాం, ఎంత బరువేస్తాం అన్నవి ముందు, వాటిని బట్టి టైరు, ఆ టైరుకు చోటు చాలకపోతేనే లిఫ్టు. బజారులో ఇది తలకిందులుగా జరుగుతోంది. కిట్టు ముందు కొని, దానికి సరిపోయే టైరు వెతుక్కుంటున్నారు.

తేలనివి వేరే ఉన్నాయి. ఇక్కడి ఘాట్లలో, ఇక్కడి ఎండల్లో పెద్ద టైర్లతో బ్రేకులు ఎంత వేడెక్కుతాయో కొలిచినవాళ్లు లేరు. బండి పల్టీ కొట్టకుండా చూసే ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థను ఫ్యాక్టరీ ఎత్తుకు, ఫ్యాక్టరీ టైరుకు సరిచేసి పెడతారు. లేపిన బండిలో అది ముందుగా జోక్యం చేసుకుంటుందా, ఆలస్యంగా చేసుకుంటుందా అన్నదానికి కిట్టు అమ్మేవాళ్ల దగ్గర భరోసా తప్ప కొలత లేదు. కంపెనీయే షోరూములో అమ్మే యాక్సెసరీకీ, బయట బిగించేదానికీ చట్టం దృష్టిలో తేడా ఎంతన్నది ఇంకో ముడి. 182ఏ సెక్షన్ తయారీదారును, డీలరును కూడా వదలలేదు. వాళ్లకు బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ రాసింది.

ఈ ప్రశ్నలు ఇప్పుడు కాగితం మీద మిగిలిపోయేవి కావు. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలంటే బండిని ఫిట్‌నెస్ పరీక్షకు తోలుకుపోయి చూపించాలి. 2010, 2011లో కొన్న మొదటి థార్‌లకు ఆ గడువు ఇప్పుడే వచ్చింది. టార్షన్ బార్ బిగించి, వెనక కమాన్లలో పట్టీ చేర్చి, పెద్ద టైర్లు తొడిగిన తొలి తరం అదే. శ్రీసిటీ నుంచి 2016లో బయటికి వచ్చిన వీ-క్రాస్‌ల వంతు 2031లో వస్తుంది. ఫ్యాక్టరీ స్ప్రింగులు, రిమ్ములు షెడ్డులో దాచుకున్నవాళ్లు ఆ రోజుకు మళ్లీ బిగించుకోగలరు. కిట్టు వేయించిన రోజే వాటిని మెకానిక్కుకు వదిలేసినవాళ్లు పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటినుంచే వెతుక్కోవడం మంచిది.